తలుపవతలి గొంతు

తలుపు చట్రానికి అంటుకున్న టేపు జిగురును సుల్తానా కొబ్బరినూనె గుడ్డతో రుద్దుతోంది. నూనె పట్టించి కాసేపు ఆగితే జిగురు ఉండలు కట్టి ఊడి వస్తుంది. ఆగకుండా గీకితే రంగు లేచిపోతుంది. యుద్ధం ఎప్పుడో ఒకప్పుడు అయిపోతుందనీ, అప్పుడు ఇంటి ఓనరు వచ్చి తలుపులు చూసుకుంటాడనీ ఆమె పని చేసే ఇంటాయన ఉమామహేశ్వరరావు భయం. అందుకని రోజూ పొద్దున్నే ఆమె రాత్రి వేసిన టేపు పీకేస్తుంది, జిగురు తుడుస్తుంది, సాయంత్రానికి కొత్త టేపు చుట్ట తలుపు పక్కన స్టూలు మీద పెడుతుంది. పక్కనే బకెట్లో తువ్వాలు నానుతూ ఉంటుంది.

ఆ ఇల్లు సౌదీలోని అల్ ఖోబార్‌లో, అజీజియా పేటలో ఉంది. అమెరికా విమానాలు దిగే చోటు అక్కడికి ఎంతో దూరం కాదు. ఇరాక్ నుంచి సద్దాం వదిలే స్కడ్ క్షిపణులు ఆ చోటు కోసమే వస్తాయి. గురి తప్పితే ఎవరి ఇంటి మీద పడతాయో ఎవరికీ తెలియదు. అంతకన్నా పెద్ద భయం వాటిలో విషవాయువు పెట్టి పంపుతాడేమోనని. డబ్బున్నవాళ్ళు చాలామంది కార్లలో జెద్దా వైపూ అభా వైపూ వెళ్ళిపోయారు. ఉమామహేశ్వరరావు కంపెనీ, ఆయన భార్య జ్ఞానప్రసూనాంబ పని చేసే ఆసుపత్రి సెలవులివ్వలేదు. ఆమె కాన్పుల డాక్టరు. యుద్ధం వచ్చిందని కాన్పులు ఆగవు కదా.

సుల్తానాది రాయచోటి పక్క పల్లె. ఆ ఊరి బళ్ళోనే ఏడో తరగతి దాకా చదివింది. ఆసుపత్రి వ్యాను నడిపే దిలావర్‌దీ అదే ఊరు. అతను చెప్పగా డాక్టరమ్మ తన కూతురు నమ్రతను చూసుకోవడానికి సుల్తానాను వీసా తీసి పిలిపించుకుంది. వచ్చి రెండేళ్ళు దాటింది. ఎక్కువ మాట్లాడని పిల్ల అని ఆ ఇంట్లో అందరికీ ఆమె మీద మంచి అభిప్రాయం.

యుద్ధం మొదలైన వారంలోనే ఉమామహేశ్వరరావు పెద్ద పడకగదిని సీలు చేశాడు. కిటికీలకు రెండు వరసల పాలిథిన్, ఏసీ కంతకు చెక్క, చెక్క మీద మళ్ళీ టేపు. ఆయన ఇంజినీరు. ఏ పనికైనా రెండు పొరలుండాలంటాడు. తలుపుకూ అంతే. లోపలి నుంచి ఒక పొర ఆయన వేసుకుంటాడు. బయటి నుంచి ఒక పొర సుల్తానా వేస్తుంది. వేసి, గడప సందులో తడి తువ్వాలు కూరి, నడవలో గోడకు ఆనుకుని కూర్చుంటుంది.

ఈ ఏర్పాటు మొదటిసారి చెప్పినప్పుడు ఆయన ఆమె ముఖంలోకి చూడలేదు. గోడ మీద గడియారాన్ని చూస్తూ చెప్పాడు.

"గది కొలిచాను సుల్తానా. ముగ్గురికయితే రాత్రంతా గాలి సరిపోతుంది. నాలుగో మనిషుంటే పాపకి కష్టమవుతుంది. మాస్కులు కూడా ఆసుపత్రివాళ్ళు మూడే ఇచ్చారు. పనివాళ్ళు ఫ్యామిలీ కింద రారట."

"సరే సార్" అంది సుల్తానా.

గాలిని కొలవొచ్చని ఆమెకు అప్పటిదాకా తెలియదు. కొలిచినాయన అన్నాడు కాబట్టి నమ్మింది. నమ్మడం ఒక విధంగా మంచిదయింది. పాప కోసమే కదా అనుకుంటే నడవలో కూర్చోవడం కొంచెం తేలికయ్యేది.

అయితే కూర్చోవడంతో అయిపోలేదు. ప్రమాదం తప్పిందని మోగే సైరన్ మీద ఉమామహేశ్వరరావుకు నమ్మకం లేదు. సైరన్ మోగించేవాడికి ఈ వీధిలో గాలి ఎలా ఉందో ఏం తెలుసంటాడు. అందుకని లోపలి నుంచి అప్పుడప్పుడూ అడుగుతాడు. "సుల్తానా, వాసనేమైనా వస్తోందా?" ఆమె గట్టిగా ఊపిరి పీల్చి చూసి, "లేదు సార్" అనాలి. ఆ జవాబు విన్నాకే వాళ్ళు టేపు పీక్కుని బయటికొస్తారు. ఏ వాసన పట్టుకోవాలో డాక్టరమ్మ ముందే నేర్పింది. కోసిన పచ్చగడ్డి వాసన ఒకటి, వెల్లుల్లి వాసన ఒకటి.

బయట ఆకాశంలో ఏదో పగులుతుంది. కిటికీ అద్దాలు గజగజమంటాయి. ఊపిరి బిగబట్టమని ఒళ్ళంతా చెబుతుంది. సరిగ్గా అప్పుడే గుండెల నిండా గాలి పీల్చి చూడాలి. సుల్తానా ముఖానికి కట్టుకున్న తడి చున్నీని వేలితో కిందికి లాగి, కళ్ళు మూసుకుని పీల్చేది. పీల్చిన ప్రతిసారీ ఇదే ఆఖరుదేమో అనుకునేది.

మొదట్లో ఒకసారి పెద్ద రభస అయింది. పప్పుకు పోపు పెడుతుండగా సైరన్ మోగింది. స్టవ్ ఆర్పడం మరిచి పరిగెత్తుకొచ్చి టేపు వేసింది. కాసేపటికి లోపలి నుంచి అడిగితే నిజమే చెప్పింది. "వెల్లుల్లి వాసన వస్తాంది సార్." లోపల కుర్చీ పడింది, పాప ఏడుపు వినిపించి మాస్కు తొడిగినట్టు గప్పున ఆగిపోయింది. ఆ తర్వాత చాలాసేపు ఎవరూ ఆమెను ఏమీ అడగలేదు. సుల్తానా నడవలో చాప మీద పడుకుని కలిమా చదువుకుంది. చావడానికి ఎంతసేపు పడుతుందో డాక్టరమ్మ చెప్పలేదే అనుకుంది. చివరికి వంటింట్లోంచి పొగ వచ్చి దగ్గు తెరలు పట్టుకున్నాక చూస్తే, మాడినవి పోపులో వెల్లుల్లి రెబ్బలు.

మర్నాడు అందరూ నవ్వుకున్నారు. ప్రసూనాంబ కళ్ళు తుడుచుకుంటూ నవ్వి, "యుద్ధం అయ్యేదాకా ఇంట్లో వెల్లుల్లి కొనొద్దే తల్లీ" అంది. సుల్తానా కూడా నవ్వింది. కానీ వాసన వస్తోందని చెప్పినప్పుడు, లోపలికి రమ్మని ఎవరూ అనలేదన్న సంగతి నవ్వుతుండగానే గుర్తొచ్చింది. గాలి చాలదు కదా అని మనసుకు చెప్పుకుంది.

*

ఉమామహేశ్వరరావుకు పాటలంటే ప్రాణం. అందులోనూ లొరేనా టిబ్స్ అనే అమెరికా గాయని అంటే మరీ. ఆవిడ నల్లజాతి మనిషి. ప్రపంచమంతా పేరున్న గొంతు. హాస్టల్లో ఉన్నప్పుడు ఎవరిదో ట్రాన్సిస్టర్‌లో మొదటిసారి విన్నాడట. ఇప్పుడు ఇంట్లో బీరువా అరనిండా ఆవిడ క్యాసెట్లే.

అమెరికా సైనికుల కోసం పెట్టిన రేడియో ఖోబార్‌లో స్పష్టంగా వచ్చేది. ఒక శుక్రవారం మధ్యాహ్నం అందులో లొరేనా టిబ్స్‌తో మాటామంతీ వేశారు. ఆయన పరుగున వెళ్ళి ఖాళీ క్యాసెట్ పెట్టి రికార్డు చేశాడు. అప్పటినుంచీ ఇంటికొచ్చిన వాళ్ళందరికీ అది వినిపించడమే. కొంచెం నడిపి, ఆపి, తెలుగులో చెప్పి, మళ్ళీ నడుపుతాడు. ఎక్కువగా వినేది ఆయన కింద పని చేసే హేమసుందర్. పెళ్ళాం పిల్లల్ని విజయవాడ పంపేసి ఒంటరిగా ఉంటున్నాడు. నిండైన విగ్రహం, పెద్ద నవ్వు.

"విన్నావా హేమసుందరం? పెద్ద హోటలు. బయట బోర్డు మీద ఈవిడ పేరు మనిషి ఎత్తు అక్షరాల్లో. లోపలికి రావడం మాత్రం వంటింటి గుమ్మంలోంచి. 'మా గొంతు ముందు తలుపులోంచి పోయేది, మేము వెనక తలుపులోంచి పోయేవాళ్ళం' అంటోంది."

"పాపం" అన్నాడు హేమసుందర్, పకోడీ అందుకుంటూ.

"ఆగు, ఇది విను. ఇంకో ఊళ్ళో హాలు నడిమధ్యన తాడు కట్టారట. ఇటు తెల్లవాళ్ళు, అటు నల్లవాళ్ళు. ఈవిడ స్టేజి మీదకొచ్చి మైకు ముందు నిలబడింది. నోరు విప్పలేదు. తిట్టలేదు, ఉపన్యాసం ఇవ్వలేదు. ఊరికే నిలబడింది. జనం చప్పట్లు కొట్టారు, ఈలలేశారు, తర్వాత భయపడ్డారు. చివరికి ఎవరో లేచి తాడు విప్పారు. అప్పుడు పాడింది."

వంటింట్లో చపాతీ పిండి కలుపుతున్న సుల్తానా చేతులాగిపోయాయి. పాటలు ఆమెకు అర్థం కావు. ఆ గొంతు మాత్రం తెలుసు. బొంగురుగా, నింపాదిగా, పక్కన కూర్చుని మాట్లాడుతున్నట్టుండే గొంతు. కిందటి వారం రొట్టెల అంగడి దగ్గర లారీ నడుపుతున్న నల్ల ఆడసిపాయిని చూసింది. తలకు ఇనప టోపీ, నోట్లో బబుల్‌గమ్. ఆమె గొంతు కూడా ఇలాగే ఉంటుందా అనుకుంది.

"'నల్లవాళ్ళ హక్కుల ఉద్యమం రోజుల్లో నువ్వు జైలుకెళ్ళావు, ఊరేగింపుల్లో నడిచావు, అప్పట్లో నీకు ఎవరంటే ఎక్కువ భయం వేసేది' అని అడిగాడు రేడియో అబ్బాయి. రాళ్ళేసిన వాళ్ళా, కుక్కల్ని వదిలిన పోలీసులా అని. ఏమందో తెలుసా?" ఉమామహేశ్వరరావు టేపు ఆపాడు. "'నా పాట విని ఏడ్చినవాళ్ళంటే' అంది. 'రాయి పట్టుకున్నవాడు ఏం చేస్తాడో నాకు ముందే తెలుసు. నా పాటకు ఏడ్చినవాడు నన్నేం చేస్తాడో ఎప్పుడూ తెలిసేది కాదు' అంది."

ఆయన కళ్ళద్దాలు తీసి కళ్ళు తుడుచుకున్నాడు.

"అయితే గురువుగారూ, ఆవిడ మిమ్మల్ని చూస్తే జడుసుకుంటుంది" అన్నాడు హేమసుందర్. ఇల్లంతా నవ్వులయింది. ఆ నవ్వుల్లోనే ఉమామహేశ్వరరావు టీ తెచ్చిన సుల్తానాను చూసి, "నువ్వయితే ఏం చేసేదానివే, అక్కడ తాడు కట్టుంటే?" అని అడిగాడు.

"నాకు పాడను రాదు సార్" అంది సుల్తానా. మళ్ళీ నవ్వారు. ఆమె కప్పులు తీసుకుని వంటింట్లోకి వెళ్ళిపోయింది.

*

దిలావర్ రోజూ పొద్దున డాక్టరమ్మను ఆసుపత్రికి తీసుకెళ్ళడానికి వ్యానుతో గేటు దగ్గరికి వస్తాడు. ఆవిడ తయారయ్యేదాకా సుల్తానాతో నాలుగు మాటలు మాట్లాడతాడు.

"ఏం మే, కండ్లట్ల గుంటలు పడినాయి. నిద్ర పోలేదా?"

"యాడ నిద్రన్నా. కూచోని వాసన చూడాల గదా."

"ఏం వాసన?"

ఆమె చెప్పింది. టేపు సంగతి, తువ్వాలు సంగతి, లోపలి నుంచి అడిగే మాట. దిలావర్ మొదట నవ్వబోయాడు. మధ్యలో ఆగిపోయాడు.

"నీ పాస్‌పోర్టు యాడుండాది?"

"అమ్మ బీరువాలో."

"బీరువా యాడ?"

"ఆ గదిలోనే."

"అయితే నీ పాస్‌పోర్టుకేం ఢోకా ల్యా. బతికి బట్ట కడతాది" అన్నాడు. ఆమె నవ్వకపోయేసరికి గొంతు తగ్గించాడు. "మా రూముకి వచ్చెయ్ మే. మీ వదిన జైనాబీ అడగతానే ఉండాది. మా కాడ మాస్కుల్యా, టేపుల్యా. దుప్పటి ఒకటుండాది. ముగ్గురం కప్పుకుని కూచుందాం. గేటు దాటి ఎడం పక్కకు తిరుగు. రొట్టెలంగడి దాటినాక రెండో సందు. పచ్చ రేకు తలుపు."

"ఎట్ల వచ్చేదన్నా? ఈడ ఉండేదానికి ఇచ్చిన ఇఖామా కార్డు కూడా చేతిలో ల్యా. దావలో పోలీసు నిలబెడితే ఏం చూపియ్యాల? పారిపోయిందని అమ్మ రాసిచ్చిందంటే హురూబ్ కేసే. జైల్లో పెట్టి, ఆనక ఊరికి తోల్తారు."

"అది నిజమేలే" అన్నాడు దిలావర్.

"వాళ్ళు చెడ్డోళ్ళు కాదన్నా. జరమొస్తే అమ్మే మందిచ్చింది, పక్కన కూచునింది. గదిలో గాలి చాలదంట, అంతే. సారు కొలిచినాడు."

దిలావర్ తల గోక్కున్నాడు. "ఇంజినీరు గదా. కొలిచే ఉంటాడు" అన్నాడు. డాక్టరమ్మ రావడం చూసి వ్యాను తలుపు తెరిచి నిలబడ్డాడు.

ఆ పగలంతా సుల్తానా ఆ మాటే తలుచుకుంది. పోలీసంటే భయం ఒక పక్క, నడవంటే భయం ఒక పక్క. మధ్యాహ్నం బడి లేక ఇంట్లోనే ఉన్న నమ్రత మాస్కు తొడుక్కుని ఆమె చుట్టూ గంతులేసింది. ఆరేళ్ళ పిల్ల. ఆ మాస్కు ముట్టెలా ఉందని, పందిపిల్లనని చెప్పి ఆడుకుంది.

"నీ మాస్కేది సుల్తానక్కా?"

"నాకొద్దులే పాపా. ఊపిరాడదు."

"మరి గ్యాస్ వస్తే?"

"నేను చెప్తా గదా, వచ్చిందని."

నమ్రతకు ఆ జవాబు నచ్చింది. మాస్కు విప్పేసి ఆమె ఒళ్ళో పడుకుంది.

*

ఆ సాయంత్రం మగ్రిబ్ నమాజు వేళ దాటి, వీధిలో అంగళ్ళు మళ్ళీ షట్టర్లు ఎత్తుతుండగా హేమసుందర్ వచ్చాడు. ఒంటరిగా ఉంటే భయం వేస్తోందని నవ్వుతూనే ఒప్పుకున్నాడు. ఉమామహేశ్వరరావు టేప్ రికార్డర్ తీశాడు. ప్రసూనాంబ పాపకు అన్నం కలుపుతోంది. సుల్తానా పెనం మీద చపాతీ వేసింది.

సైరన్ మోగింది.

ఈసారి స్టవ్ ఆర్పింది. చేతికి పిండితోనే నడవలోకి పరిగెత్తింది. ప్రసూనాంబ పాపను ఎత్తుకుని గదిలోకి దూరింది. ఉమామహేశ్వరరావు టేప్ రికార్డర్ చంకలో పెట్టుకుని, మంచినీళ్ళ క్యాను ఈడ్చుకుంటూ వెళ్ళాడు. హేమసుందర్ హాల్లో ఒక కాలికి బూటు వేసుకుని, రెండోది కనపడక అటూ ఇటూ చూస్తున్నాడు.

"ఎక్కడికయ్యా? రా లోపలికి" ఉమామహేశ్వరరావు గుమ్మంలోంచి చెయ్యి చాచాడు.

"మీకు ఇరుకవుతుందేమో గురువుగారూ. గాలీ అదీ..."

"గాలికేం, బోలెడుంది. రా ముందు."

"నా దగ్గర మాస్కు కూడా లేదండీ."

"తడి తువ్వాలిస్తాను. రావయ్యా బాబూ."

హేమసుందర్ ఒంటి బూటుతోనే లోపలికి వెళ్ళాడు. పక్కకు తిరిగితే తప్ప గుమ్మం పట్టనంత మనిషి. సుల్తానా చేతిలో టేపు చుట్ట పట్టుకుని ఆ గుమ్మం ఎదురుగా నిలబడి ఉంది. ఉమామహేశ్వరరావు ఆమెను చూశాడు. ఏదో అనబోయినట్టు నోరు తెరిచాడు. దూరంగా మొదటి పేలుడు వినిపించింది. ఆయన తలుపు మూశాడు.

ఆమె చుట్టలో టేపు కొస కోసం గోటితో వెతికింది.

"అక్కా, బాగా వెయ్" అని లోపలి నుంచి నమ్రత గొంతు.

సుల్తానా టేపు వేసింది. పై అంచు, పక్క అంచులు, తాళం కన్నం. మూలల్లో బొటనవేలితో నొక్కింది. తువ్వాలు పిండి గడప సందులో కూరింది. పిల్ల లోపలుంది కాబట్టి ఎప్పటికన్నా జాగ్రత్తగానే వేసింది. తర్వాత గోడకు ఆనుకుని కూర్చుంది.

పేలుళ్ళు దగ్గరయ్యాయి. వంటింట్లో గ్లాసులు ఒకదానికొకటి తగిలి మోగాయి. పాపకు ఆ చప్పుడు వినపడకుండా లోపల పాట పెట్టారు. తలుపు గుండా, టేపు గుండా, తడి తువ్వాలు గుండా లొరేనా టిబ్స్ గొంతు నడవలోకి వస్తోంది.

ఇన్నాళ్ళూ సుల్తానాకు భయం ఆకాశం నుంచి ఉండేది. ఇప్పుడది తలుపు దగ్గరికొచ్చి కూర్చుంది. గాలి ఎప్పుడూ బోలెడు ఉంది. ఆ మొదటి రోజునా ఉంది, పోపు మాడిన రోజునా ఉంది. చాప మీద పడుకుని తను కలిమా చదువుకుంటున్నప్పుడూ ఉంది. ఇన్నాళ్ళూ పాప కోసం అనుకుని పీల్చిన ఊపిరులన్నీ గుర్తొచ్చాయి. రేపు రాత్రి మళ్ళీ పీల్చాలి. ఎల్లుండి మళ్ళీ.

ఇల్లు అదిరేలా ఒకటి పేలింది. పైనుంచి సున్నం రాలింది. ఆ తర్వాత వీధంతా నిశ్శబ్దం అయింది.

"సుల్తానా, వాసనేమైనా వస్తోందా?"

అలవాటుగా చున్నీ కిందికి లాగింది. నోరు తెరిచింది. మాట రాలేదు. భయం వల్ల రాలేదేమో, ఇంకెందువల్లనో ఆమెకే తెలియదు. తెరిచిన నోరు మెల్లగా మూసుకుంది.

"సుల్తానా? వినపడుతోందా?"

ఆమె లేచి తలుపు ఎదురుగా నిలబడింది. లోపల పాట ఆపేశారు.

"ఏమైందండీ దానికి?" ప్రసూనాంబ గొంతు. "పలకదేంటి?"

"తెరిచి చూద్దామా?" అది హేమసుందర్.

సుల్తానా టేపు అంచు వంక చూస్తోంది. జవాబు రాకపోతే తను చచ్చిపోయిందనైనా అనుకుంటారు, స్పృహ తప్పి పడిపోయిందనైనా అనుకుంటారు. ఒకరు తలుపు లాగితే చాలు. కొంచెం లాగి, ఉన్నావా అని చూస్తే చాలు. "ఉన్నా సార్, వాసన ల్యా" అని చెప్పేస్తుంది. రేపు పొద్దున కొబ్బరినూనె గుడ్డతో జిగురు కూడా తుడుస్తుంది.

"వద్దు" అన్నాడు ఉమామహేశ్వరరావు. "వద్దయ్యా, తెరవకు. పలకలేదంటే ఏంటి అర్థం? పాపకి మాస్కు బిగించు ప్రసూనా."

"అక్కా" అని పిలిచింది నమ్రత. రెండోసారి పిలిచినప్పుడు ఆ పిలుపు మాస్కులోంచి, నూతిలోంచి వచ్చినట్టు వచ్చింది.

ఆ తర్వాత బర్రుమని ఒక చప్పుడు. ఆగి, మళ్ళీ బర్రుమని. సుల్తానాకు ఆ చప్పుడు బాగా తెలుసు. లోపల చుట్ట నుంచి టేపు లాగుతున్నారు. తలుపు మీద ఇంకో పొర వేస్తున్నారు.

ఆమె చేతిలో ఉన్న టేపు చుట్టను స్టూలు మీద పెట్టింది. వంటింట్లోకి వెళ్ళి మేకుకు వేలాడుతున్న అబాయా తొడుక్కుంది. చేతుల పిండి ఎండి పెచ్చులు కట్టింది. కడుక్కోలేదు. వెనక నుంచి ఆమె పేరు మళ్ళీ వినిపించింది. వంటింటి తలుపు గడియ తీసి, చెప్పుల్లో కాళ్ళు పెట్టి, గేటు దాటి మనిషి అలికిడి లేని వీధిలోకి వచ్చి, రొట్టెలంగడి వైపుకు, ఎడం పక్కకు తిరిగింది.